కట్టడం, కట్టించుకోవడం: బంధన కళకు ఒక తెలుగు కొలమానం

1. ప్రస్తావన

జపాన్‌లో 'షిబారి' అనీ, 'కిన్‌బాకు' అనీ పిలిచే కళ ఒకటి ఉంది. మొదటి మాటకు కట్టడం అని అర్థం. రెండవ మాటకు బిగించి కట్టడం అని అర్థం. ఇష్టపడిన వయోజనుల మధ్య, నార తాడుతో దేహాన్ని ఒక క్రమంలో కట్టడం దీని పద్ధతి. ఇది శృంగారానికి చెందిన కళ. ఆ మాట దాచి చెప్పడం విమర్శకు తగదు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ కళ ఇప్పటి రూపం దిద్దుకొంది. 1990ల తరువాత యూరప్‌లోనూ అమెరికాలోనూ విస్తరించింది. చిత్రకారులు, ఛాయాచిత్రకారులు, సినిమా దర్శకులు దీన్ని తమ మాధ్యమాల్లోకి తీసుకొన్నారు.

దీని గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒక పక్షం తాడు గీసే రేఖల అందాన్ని పొగిడి ఊరుకుంటుంది. రెండవ పక్షం ఏవగించుకొని ఊరుకుంటుంది. ఏ కట్టు కళ, ఏ కట్టు హింస అని తేల్చే కొలమానం ఈ రెండు పక్షాల దగ్గరా లేదు. అటువంటి కొలమానం తెలుగు భాషలోనూ, మనం చదువుకొనే అలంకార శాస్త్రంలోనూ సిద్ధంగా ఉందని చూపడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

సోలాపూర్‌లోని అశోక్ చౌక్ పరిసరాలను దృష్టిలో పెట్టుకొని మేము ఈ చర్చ చేస్తున్నాం. పంతొమ్మిదో శతాబ్దం నుంచి తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు మగ్గాన్ని నమ్ముకొని సోలాపూర్‌కు వచ్చి స్థిరపడ్డాయి. ఆ ఇళ్లలో పుట్టిన విద్యార్థులకు పోగు, ముడి, బిగువు అనేవి నిఘంటువులో వెతుక్కొనే మాటలు కావు. పడుగు మరీ బిగిస్తే తెగుతుంది, వదులైతే గుడ్డ పలచబడుతుంది. తునికాకు చుట్టి దారంతో కట్టే బీడీ కూడా అంతే. మరీ బిగిస్తే పొగ రాదు, వదులైతే విడిపోతుంది. బిగువుకు ఒక హద్దు ఉంటుందనీ, ఆ హద్దు చేతికి తెలుస్తుందనీ ఈ విద్యార్థులు పుట్టి పెరిగిన ఇల్లే వారికి నేర్పింది. బంధన కళను అర్థం చేసుకోవడానికి ఇంతకంటె మంచి పునాది లేదు.

2. మాటలో దాగిన ఒప్పుదల

'కట్టు' అనే ధాతువు తెలుగు బతుకంతటా పరుచుకొని ఉంది. ఇల్లు కడతాం, చీర కడతాం, వరస కడతాం, కథ కడతాం. నడవడికి 'కట్టుబాటు' అని పేరు. మాట నిలబెట్టుకొనే మనిషి ఆ మాటకు 'కట్టుబడి' ఉన్నాడంటాం. భార్యాభర్తలు ఒకరికొకరు 'కట్టుకొన్నవారు'. 'ముడి' కూడా ఇట్లాంటిదే. కొప్పుముడి, కొంగుముడి, బ్రహ్మముడి, పీటముడి, చిక్కుముడి అని ఒక్కొక్క ముడికి ఒక్కొక్క అర్థం, ఒక్కొక్క విలువ.

ఇక్కడ మేము ప్రత్యేకంగా చూపదలచింది క్రియారూపాల తేడా. మనిషిని కట్టే సందర్భంలో తెలుగుకు మూడు రూపాలున్నాయి. కట్టేవాడి వైపు నుంచి చెబితే 'కట్టాడు'. కట్టుకు లోనైన మనిషి వైపు నుంచి చెప్పడానికి 'కట్టబడ్డాడు' అనే రూపం ఉంది. ఈ 'బడు' ప్రయోగం వాడుక తెలుగుకు సహజం కాదని భాషావేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. నిజానికి ఆ చోట మనం 'వాణ్ని కట్టేశారు' అంటాం. మూడవ రూపం 'కట్టించుకొన్నాడు'. ఇందులో రెండు ప్రత్యయాలు కలిశాయి. 'ఇంచు' వల్ల పని మరొకరి చేతి మీదుగా జరుగుతుంది. 'కొను' వల్ల ఆ పని ఫలం చేయించిన వారికే చెందుతుంది. పని చేసేది మరొకరు, చేయించేది తాను, ఫలం తనది. ఇంత సంగతిని ఒక్క మాట మోస్తున్నది.

ఈ రూపం అరుదైనది కాదు. గాజులు తొడిగించుకొంటాం, పచ్చబొట్టు పొడిపించుకొంటాం, గోరింటాకు పెట్టించుకొంటాం. గాజులమ్మే మనిషి ముందు చేయి చాచి కూర్చొన్న ఇల్లాలిని గమనించండి. ఇరుకు గాజు కణుపుల మీదుగా ఎక్కుతున్నప్పుడు నొప్పి ఉంటుంది. ఆమె చేతిని వదులుగా ఉంచుతుంది. నొప్పి మితిమీరితే 'మెల్లగా' అంటుంది. తొడిగే చేయి ఆగుతుంది. ఆమె దేహం కొంతసేపు మరొకరి వశమవుతుంది. అయినా ఎప్పుడు ఆపాలో చెప్పే అధికారం ఆమెది. షిబారిని పద్ధతిగా నేర్పేవారు చెప్పే ఒప్పందం సారం కూడా ఇదే.

సోలాపూర్ విద్యార్థులకు ఇంకొక సౌకర్యం ఉంది. మరాఠీలో 'రాఖీ బాంధూన్ ఘేణే' అంటారు. కన్నడంలో 'కట్టిసికొళ్ళు' అంటారు. నగరంలో వినిపించే మూడు భాషలూ ఈ భావాన్ని సహజంగా పలుకుతున్నాయి. కనుక 'కట్టడం', 'కట్టేయడం', 'కట్టించుకోవడం' అనే మూడింటినీ వేరుగా పట్టుకొని ముందుకు వెళదాం.

3. విసిరిన పాశం

పద్మశాలీలు మార్కండేయ మహర్షిని మూలపురుషుడిగా కొలుస్తారు. ఆయన సంతతివాడైన భావనారుషి తామరతూడు నారతో తొలిబట్ట నేశాడని కులపురాణం. తెలంగాణలో కూనపులివారు పటం విప్పి ఈ కథ చెబుతారు. సోలాపూర్‌లో నారళీ పున్నమి నాడు మార్కండేయ రథోత్సవం జరుగుతుంది. జంధ్యాలు మార్చుకొనేదీ, రాఖీలు కట్టించుకొనేదీ ఆ పున్నమి నాడే. దారం చుట్టూ తిరిగే పండుగ అది.

ఆ కథ నడిమధ్యలో ఒక తాడు ఉంది. పదహారేళ్లు నిండిన మార్కండేయుడి కోసం యముడు వస్తాడు. బాలుడు శివలింగాన్ని కౌగిలించుకొంటాడు. యముడు పాశం విసురుతాడు. పాశం లింగాన్ని కూడా చుట్టుకొంటుంది. శివుడు ఆగ్రహించి యముణ్ని దండిస్తాడు. భక్తి కథగా ఇది అందరికీ తెలుసు. బంధనం దృష్టితో చూస్తే ఇందులో ఒకదానికొకటి ఎదురు నిలిచిన రెండు బంధాలు కనబడతాయి. ఒకటి దూరం నుంచి వచ్చి పడిన పాశం. రెండవది ఆ బాలుడు తన చేతులతో తానే వేసుకొన్న పట్టు.

యమపాశంలో కట్టేవాడికీ కట్టుకు లోనయ్యేవాడికీ మధ్య స్పర్శ లేదు, మాట లేదు. విసిరిన తాడుకు అవతలి దేహం బరువు తెలియదు, ఊపిరి తెలియదు. లింగాన్ని చుట్టిన సంగతి కూడా దానికి తెలియలేదు. యముడి తప్పు క్రూరత్వం కాదు. ఆయన తన విధి తాను చేశాడు. అవతల ఎవరున్నారో చూడకుండా బిగించడమే ఆ తప్పు. ఈ కథను నేతకారుల కులపురాణంగా చదివినప్పుడు ఆ తప్పు మరింత స్పష్టమవుతుంది. పోగును చూడకుండా బిగించే చేతిని ఏ మగ్గమూ క్షమించదు.

4. హనుమంతుని కట్టు

రామాయణం సుందరకాండలో బంధనానికి సంబంధించి చాలా సూక్ష్మమైన ఘట్టం ఉంది. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రం ప్రయోగిస్తాడు. హనుమంతుడు కదలలేక నేలకు ఒరుగుతాడు. ఆ బంధం తనను ఎక్కువసేపు నిలపదని బ్రహ్మ వరం వల్ల అతనికి తెలుసు. అయినా రావణుణ్ని చూసి మాట్లాడడానికి ఇదే దారి అని తలచి ఊరుకుంటాడు. అంతలో రాక్షసులు వచ్చి జనుపనారతో, చెట్ల పట్టలతో పేనిన తాళ్లతో అతణ్ని కడతారు. అస్త్రబంధం మరొక బంధంతో కలిసి ఉండదు. తాడు పడగానే అది విడిపోతుంది. ఈ సంగతి ఇంద్రజిత్తు ఒక్కడికే తెలుస్తుంది, అతను దిగులుపడతాడు. హనుమంతుడు మాత్రం తెలియనట్టే ఉండి, లాగినా కొట్టినా సహించి సభకు వెళతాడు. తరువాత పాత నూలుగుడ్డలు తోకకు చుట్టి నిప్పు పెట్టినప్పుడు, దేహాన్ని చిన్నది చేసుకొని కట్లనుంచి జారిపోతాడు. మళ్లీ పెరుగుతాడు.

ఇందులో మూడు విషయాలు గమనార్హం. మొదటిది, పైకి బలమైనదిగా కనిపించే తాడు నిజానికి బలహీనమైనది. అసలు బంధం కంటికి కనిపించదు. రెండవది, హనుమంతుడు కట్టులో ఉండడం అతని నిర్ణయం, దానికి ఒక ప్రయోజనం ఉంది. మూడవది, విడివడే దారి అతని చేతిలోనే ఉంది. తెలుగు వ్యాకరణం ప్రకారం అతను కట్టించుకొన్నవాడు.

అయినా ఇది బంధన కళ కాదు. కారణం, కట్టేవారికి ఆ సంగతి తెలియదు. రాక్షసులు తాము గెలిచామనుకొంటున్నారు. కట్టించుకొన్నవాడి సంకల్పం, కట్టేవాడి అజ్ఞానం కలిసినప్పుడు ఉపాయం పుడుతుంది, రాజనీతి పుడుతుంది. రెండు చేతులూ కలిసి చేసే పని మాత్రం పుట్టదు. ఒప్పుదల ఉండడం చాలదు. ఆ ఒప్పుదల ఇద్దరికీ తెలిసి ఉండాలి. యముడి ఘట్టం కంటె ఈ ఘట్టం మనల్ని ఒక మెట్టు ముందుకు తీసుకువచ్చింది.

బంధనం అనగానే కృష్ణుని రోటికి కట్టిన కథ చాలామందికి గుర్తుకు రావచ్చు. అది తల్లీబిడ్డల వాత్సల్యం. శృంగార కళను గురించిన చర్చలో దాన్ని చేర్చడం ఔచిత్యభంగం కనుక మేము దాన్ని పక్కన ఉంచుతున్నాం.

5. మేఖలతో కట్టడం

శృంగారంలో కట్టు మన కావ్యాలకు కొత్త కాదు. కాళిదాసు కుమారసంభవం నాలుగవ సర్గలో, మన్మథుడు బూడిద అయిన తరువాత రతీదేవి విలపిస్తుంది. పొరపాటున మరొక స్త్రీ పేరు పలికినప్పుడు తన మొలనూలుతో అతణ్ని కట్టిన రోజులను ఆమె తలచుకొంటుంది. రఘువంశం పందొమ్మిదవ సర్గలో అగ్నివర్ణుడు తాను మోసగించిన ప్రియురాళ్ల చేత మేఖలలతో మాటిమాటికి కట్టించుకొంటాడు. రెండు చోట్లా కట్టేది స్త్రీ, కట్టుకు లోనయ్యేది పురుషుడు. రెండు చోట్లా తాడు అన్యమైన వస్తువు కాదు, ఆమె ఒంటి మీద ఉన్న నగే.

ఈ రెండింటిలో రతీవిలాపం ఉన్నతమైనదని మా అభిప్రాయం. అగ్నివర్ణుడి కట్టు విలాసాల జాబితాలో ఒకటిగా గడిచిపోతుంది. రతి నోట ఆ కట్టు జ్ఞాపకంగా వస్తుంది. కట్టడానికి ఇప్పుడు దేహమే లేదు. ఒకప్పుడు అలిగి కట్టిన ముడి అతణ్ని బాధించిందేమో, అందుకే వెళ్లిపోయాడేమో అన్న భయం ఆ తలపులో ధ్వనిస్తున్నది. కట్టిన చేయి తరువాత కూడా బాధ్యత మోస్తుందని కవి చెప్పకుండానే చెప్పాడు. కట్టు శృంగారానికి అంగంగా ఉండి, కరుణను పోషించింది.

తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది నంది తిమ్మన పారిజాతాపహరణంలోని ప్రణయకలహం. అక్కడ తాడు లేదు, సత్యభామ పాదం ఉంది. తన్ను తగిలినవాడు తన నొప్పి సంగతి ఎత్తడు. తన మేను తాకి ఆమె పాదం నొచ్చిందేమో అని అడుగుతాడు. ఈ సంఘటన రుచించని వారు ఉన్నారు. కాని ఎవరు ఎవరి నొప్పిని గమనిస్తున్నారు అన్న ప్రశ్న వేసుకొంటే తిమ్మన నేర్పు బోధపడుతుంది. నొప్పి ఉన్న చోట కూడా ఎదుటివారి మీద ధ్యాస ఉంటే అది శృంగారం. ఆ ధ్యాస పోతే మిగిలేది నొప్పి మాత్రమే.

6. జపాన్ తాడు నడిచిన దారి

ఇక జపాన్ విషయానికి వద్దాం. అక్కడి బంధన కళకు మూలం శృంగారం కాదు, రాజ్యం. 1603 నుంచి 1868 వరకు సాగిన ఎదో యుగంలో నేరస్తులను తాడుతో పట్టి కట్టే విద్య ఉండేది. దాన్ని 'హోజోజుత్సు' అంటారు. ఖైదీ అంతస్తును బట్టి, నేరాన్ని బట్టి కట్టు మారేది. ముడి పడడమే అవమానం కనుక, దోషం తేలని మనిషికి ముడి వేయకుండా తాడు చుట్టే పద్ధతి కూడా ఉండేదని చెబుతారు. తాడు అక్కడ శిక్షగానే గాక లిపిగా కూడా పనిచేసింది. చూసినవారు దాన్ని చదువుకొనేవారు.

రాజ్యం చేతిలోని తాడు సోలాపూర్‌కు తెలియనిది కాదు. 1930 మే నెలలో ఇక్కడ సైనిక శాసనం విధించారు. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడాలను ఎరవాడ జైలులో ఉరితీశారు. తాడు గురించి మాట్లాడేటప్పుడు ఈ చరిత్రను మరవడానికి వీలులేదు. శిక్షించే తాడును ఆటగా మార్చవచ్చునా అన్న ప్రశ్న గంభీరమైనదే.

జపాన్‌లో ఆ మార్పు మొదట రంగస్థలం మీద జరిగింది. 1757లో బొమ్మలాటగా మొదలై తరువాత కబుకిలోకి వచ్చిన ఒక నాటకంలో 'కిన్‌కాకుజి' అనే ఘట్టం ఉంది. చిత్రకారుడు సెస్షు మనుమరాలు యుకిహిమె. ఆమెను దుర్మార్గుడొకడు చెర్రీ చెట్టుకు కట్టేయిస్తాడు. పూలరేకులు రాలుతుంటాయి. చేతులు కట్టుపడిన ఆమె కాలివేళ్లతో ఆ రేకుల మీద ఎలుకల బొమ్మలు గీస్తుంది. ఎలుకలు ప్రాణం పోసుకొని తాడు కొరుకుతాయి. దేహం కట్టులో ఉన్నా విద్య కట్టులో లేదన్నది ఇందులోని ధ్వని. కట్టును చూపిన కళాఖండాల్లో ఇది అగ్రశ్రేణికి చెందినది.

ఇరవయ్యో శతాబ్దంలో చిత్రకారుడు ఇతో సేయు ఈ దృశ్యాలను శృంగార చిత్రాలుగా మలిచాడు. ఆయన 1882లో పుట్టి 1961లో మరణించాడు. 1947లో మొదలైన 'కితాన్ క్లబ్' పత్రిక ఈ రచనలకూ చిత్రాలకూ వేదిక అయింది. అందులో 1962 నుంచి వచ్చిన దాన్ ఒనిరోకు నవల 'హనా తో హెబి', అంటే పువ్వు, పాము, 1974లో సినిమా అయింది. అకెచి దెన్‌కి, నురెకి చిముఒ, యుకిమురా హరుకి వంటి కట్టేవారు ఒక్కొక్కరు ఒక్కొక్క శైలిని స్థిరపరిచారు. వీరిలో యుకిమురా తక్కువ ముడులతో, నెమ్మదిగా, లాలనగా కట్టడానికి పేరు పొందాడు.

ఆచరణలోని పనితనం మన నేతకారులకు వెంటనే అర్థమవుతుంది. తాడు సుమారు 6 మిల్లీమీటర్ల మందం, 7 లేదా 8 మీటర్ల పొడవు ఉంటుంది. సంప్రదాయంగా జనుము జాతి నారతో చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా జనపనార, అంటే జూట్ వాడతారు. ప్రపంచంలో ఆ నార దాదాపు అంతా భారత్, బంగ్లాదేశ్ పొలాల్లో పండేదే. కొత్త తాడును మెత్తబరిచి, పైకి లేచిన నూగును మంట మీద కాల్చి, నూనె రాసి సిద్ధం చేస్తారు. పడుగుకు గంజి పెట్టి సిద్ధం చేసినట్టే. తాడును రెండుగా మడిచి, మడత దగ్గర మొదలుపెట్టి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి పడేటట్టు పరుస్తారు. చుట్టు వెడల్పుగా ఉంటే ఒత్తిడి పంచుకుంటుంది, సన్నగా ఉంటే ఒకే చోట కోస్తుంది. చేతులు వెనక్కు పెట్టి కట్టే 'తకతే కోతే' అనే కట్టులో ప్రమాదం పైచేతిలో ఉంటుంది. అక్కడ ఎముకను చుట్టి పోయే నరం నలిగితే మణికట్టు వాలిపోతుంది, కొన్నిసార్లు వారాలపాటు కోలుకోదు. కనుక వేళ్ల స్పర్శ అడిగి తెలుసుకొంటూ ఉండాలి. మెడకు తాడు వేయరాదు. కత్తెర దగ్గర ఉంచుకోవాలి. కట్టిన మనిషిని ఒంటరిగా వదలరాదు. ఇవి మర్యాదలు కావు, ఈ కళకు ఛందస్సు. ఛందస్సు తప్పిన పద్యం చెవికి మాత్రమే బాధ. ఇక్కడ ఛందస్సు తప్పితే దేహానికి గాయం.

7. రసం, రసాభాసం

మన అలంకారికులు శృంగారానికి ఒక హద్దు గీశారు. రతి ఇద్దరిలోనూ ఉండాలి. ఒకరిలో ఉండి మరొకరిలో లేకపోతే, దాన్ని 'అనుభయనిష్ఠ రతి' అని, అది రసం కాదు, రసాభాసం అని విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో చెప్పాడు. రావణుడికి సీత మీద ఉన్న కోరిక ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. ఎంత అందంగా వర్ణించినా అది శృంగారం కాబోదు. నేటివారు సమ్మతి అనే మాటతో చెప్పేదాన్ని శాస్త్రం ఔచిత్యం పేరుతో ఏనాడో గుర్తించింది. ఆ శాస్త్రకారులు స్త్రీల స్వేచ్ఛ కోసం ఈ నియమం చేశారని మేము అనడం లేదు. వారి కాలపు కులకట్టుబాట్లు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. అయినా ఈ ఒక్క నియమం మనకు పనికివచ్చే పనిముట్టు.

దీన్ని ప్రయోగించేటప్పుడు రెండు అంతస్తులను వేరుచేయాలి. ఒకటి ఇతివృత్తం, రెండవది నిర్మాణం. కథలో యుకిహిమెను కట్టేశారు. రంగస్థలం మీద ఆ పాత్ర ధరించే నటుడు కట్టించుకొన్నాడు. కబుకిలో స్త్రీ పాత్రలు పురుషులే వేస్తారన్నది తెలిసిందే. కథలో బలవంతం ఉన్నంత మాత్రాన కృతి దోషభూయిష్టం కాదు. సీతాపహరణం లేకుండా రామాయణం లేదు. కవి ఎవరి పక్షాన నిలిచి చూస్తున్నాడన్నదే ప్రశ్న. కిన్‌కాకుజి చూపు కట్టుపడిన ఆమె పక్షాన ఉంది. 'హనా తో హెబి' బలవంతాన్నే ఆనందంగా చూపుతుంది, లొంగదీయడాన్ని ప్రేమగా నమ్మిస్తుంది. అందులో నటి ఒప్పుకొనే నటించినా, ఇతివృత్తం రసాభాసమే. దాన్ని శృంగారమని ఒప్పుకోవడానికి మాకు మనసు రాదు.

నిర్మాణంలో దోషం ఉన్నప్పుడు సంగతి వేరు. 1885లో యోషితోషి గర్భిణిని తలకిందులుగా వేలాడదీసిన ఒక భయానక దృశ్యాన్ని చెక్కముద్రలో చూపాడు. ఇతో సేయు గర్భవతి అయిన తన భార్యను అదే భంగిమలో వేలాడదీసి ఫోటో తీయించాడు. బొమ్మలో లేని బరువు ఫోటోలో ఉంది. యోషితోషి ఊహకు గాయమైతే అది కాగితానికే. ఇతో ప్రయోగంలో గాయమైతే అది రెండు ప్రాణాలకు. రేఖల సమత ఎంత గొప్పదైనా ఈ తేడాను విమర్శకుడు చూడనట్టు ఊరుకోరాదు.

అరాకి నొబుయోషి తీసిన బంధన ఛాయాచిత్రాలు ప్రపంచ ప్రఖ్యాతి పొందాయి. 2018లో, ఆయనకు 2001 నుంచి 2016 వరకు నమూనాగా నిలిచిన ఒక నర్తకి తన అనుభవాన్ని బహిరంగంగా రాసింది. తమ మధ్య ఒప్పంద పత్రం ఏదీ లేదనీ, తన చిత్రాలు తనకు తెలియకుండానే ప్రచురితమయ్యాయనీ ఆమె చెప్పింది. ఫోటో తీసిన క్షణంలో ఒప్పుదల ఉండవచ్చు. ఆ బొమ్మ పుస్తకమై, ప్రదర్శనై, సరుకై తిరిగిన ఏళ్లలో ఆ ఒప్పుదలను ఎవరూ మళ్లీ అడగలేదు. గాజులు తొడిగించుకొన్న ఇల్లాలి 'మెల్లగా' అన్న మాటకు చోటు లేని స్థితి ఇది. ఇటువంటి చోట రసాభాసం అన్న శాస్త్రపదం కూడా చాలదు. కృతిలోని దోషాన్ని రసాభాసమందాం. మనిషికి జరిగిన దాన్ని అన్యాయమనే అనాలి.

రూపం గురించి కూడా ఒక మాట. మనకు 'బంధం' అనే పేరుతోనే ఒక కవిత్వ ప్రక్రియ ఉంది. నాగబంధం, ఖడ్గబంధం, చక్రబంధం, పద్మబంధం వంటివి అక్షరాలను బొమ్మల గళ్లలో కట్టి చూపే పద్యాలు. గణపవరపు వేంకటకవి వీటిలో అసాధ్యుడనిపించుకొన్నాడు. అయినా ఆనందవర్ధనుడు, మమ్మటుడు చిత్రకవిత్వాన్ని కింది మెట్టు మీదే నిలిపారు. నేర్పు లేక కాదు, ధ్వని లేక. కేవలం ముడుల సంక్లిష్టతనూ, గాలిలో వేలాడే భంగిమనూ చూపి మెప్పు కోరే షిబారి ప్రదర్శనలకు ఈ తీర్పు అచ్చంగా సరిపోతుంది. ముడులు తక్కువగా ఉండి, ఇద్దరి మధ్య ధ్యాస నిండుగా ఉన్న యుకిమురా మార్గం ధ్వనికి దగ్గర. కట్టేవాడి నేర్పు కంటె కట్టించుకొన్నవారి ముఖం మీద పలికే భావం ప్రధానమైనప్పుడే తాడు కావ్యమవుతుంది.

8. మూడు ముళ్ల సంగతి

ఈ కొలమానాన్ని దూరదేశపు కళకు మాత్రమే వాడి ఊరుకోవడం న్యాయం కాదు. పెళ్లిలో అతను తాళి కడతాడు, ఆమె కట్టించుకొంటుంది అని మన భాష చెబుతున్నది. ఆ క్రియ ఆమెను కర్తగా నిలబెట్టింది. 'మెడలు వంచి కట్టించారు' అనే మాట కూడా మన భాషలోదే. ఈ రెండు వాక్యాల్లోనూ తాడు ఒకటే, ముళ్లు మూడే. మంత్రాలూ మేళతాళాలూ మారవు. మారినది ఆమె ఇష్టం ఒక్కటే. జపాన్ తాడును చూసి ముఖం చిట్లించే పెద్దలు ఈ రెండవ వాక్యం విన్నప్పుడు మౌనంగా ఉంటే, వారి ఏవగింపు నీతికి సంబంధించినది కాదు, అలవాటుకు సంబంధించినది.

అట్లాగే ఆ కళను స్వేచ్ఛకు పరాకాష్ఠగా పొగిడేవారికి కూడా మేము ఒక మాట చెప్పదలచాం. ఒప్పుదల ఒకసారి ఇచ్చి మరచిపోయే రసీదు కాదు. పడుగులో పోగు తెగితే మగ్గం ఆపి అతకాలి. ఆపకుండా నేసుకుంటూ పోతే బట్ట పొడవునా ఆ లోపం సాగుతుంది. కట్టించుకొన్నవారు 'చాలు' అన్న క్షణంలో ఆ క్రియారూపం మారిపోతుంది. ఆ తరువాత ఉన్న ప్రతి ముడీ కట్టేయడమే.

ఈ చర్చను విద్యార్థులు తమ ఇళ్ల నుంచే కొనసాగించవచ్చు. అశోక్ చౌక్ ప్రాంతంలో మగ్గం దగ్గర, బీడీల చాటల దగ్గర, పెళ్లి పందిళ్లలో వాడే ముడుల పేర్లు, కట్టుల పేర్లు ఇంకా పెద్దల నోళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్ని తెలంగాణ నుంచి వచ్చినవి, కొన్ని మరాఠీ, కన్నడాల నుంచి చేరినవి. వాటిని సేకరించేటప్పుడు ప్రతి మాట పక్కనా రెండు ప్రశ్నలు రాసుకోవాలి. ఈ ముడి ఎవరు వేస్తారు? దీన్ని ఎవరు విప్పవచ్చు? రెండవ ప్రశ్నకు దొరికే జవాబు ఆ కట్టు ఏ జాతిదో తేలుస్తుంది.